ఇసుక జమాఖర్చులు

దక్షిణ ఢిల్లీలో వసంత్ కుంజ్ అనే నివాస ప్రాంతం ఉంది. 1980లలో ఢిల్లీ అభివృద్ధి సంస్థ అక్కడ వరుసలు వరుసలుగా ఇళ్లు కట్టించక ముందు, అదంతా ఆరావళీ శ్రేణి కొసన మిగిలిన రాతిగుట్టల నేల. ఇప్పటికీ ఆ పరిసరాలలో ముళ్లపొదల నడుమ, రోడ్ల అంచున, గోధుమవన్నె బండలు అక్కడక్కడ తలలెత్తి కనిపిస్తాయి. ఆ నేల సముద్రమట్టానికి రెండు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. అక్కడి నుండి ఏ దిక్కుకు బయలుదేరినా, అల చప్పుడు చెవిన పడాలంటే వందలాది కిలోమీటర్లు పోవలసిందే.

అయినా ఆ బండలు ఒకప్పుడు ఇసుక. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ పలుగురాతి జాతి శిలను ఢిల్లీ క్వార్ట్‌జైట్ అంటారు. నూరు కోట్ల సంవత్సరాలకు పూర్వం నీరు మోసుకొచ్చి, లోతులేని సముద్రాలలోనూ వాటి ఒడ్డులలోనూ పరచిన ఇసుక, పైపొరల బరువుకూ భూగర్భపు వేడికీ కరడుగట్టి ఈ శిలగా మారింది. ఈ శ్రేణికి చెందిన రాళ్లలో కొన్నిచోట్ల, ఆనాటి నీటి కదలిక ఇసుకపై తీర్చిన చారలు నేటికీ చెరగకుండా ఉన్నాయి. సాయంకాలం సముద్రపుటొడ్డున తడి ఇసుక మీద మనం చూసే చారలే అవి. కాకపోతే రాయిగా మారి నిలిచిపోయాయి.

రాయిగా మారేవరకు ఇసుక నిలవదు. దాని స్వభావమే ప్రయాణం. ఆ ప్రయాణానికి లెక్క కట్టడం కొందరు శాస్త్రజ్ఞుల జీవితకాలపు వృత్తి. ఎంత ఇసుక వచ్చింది, ఎటు నుండి వచ్చింది, ఎంత పోయింది, రేపు ఒడ్డు ఎక్కడ ఉంటుంది అని వారు గణితం సహాయంతో అడుగుతారు. సముద్రం ఎరుగని ఈ వసంత్ కుంజ్ ఇరుగుపొరుగున కూడా ఆ లెక్కలలో రెండు ముఖ్యమైన పద్దులు రాయబడ్డాయి. ఆ రెండూ తెలుగు తీరానికి సంబంధించినవే కావడం విశేషం.

మొదటి పద్దు: నది తెచ్చే జమ

వసంత్ కుంజ్‌ను ఆనుకొని, నెల్సన్ మండేలా మార్గానికి ఆవలి పక్కన జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పర్యావరణశాస్త్ర విభాగంలో 1980లలో వి. సుబ్రహ్మణ్యన్, ఆయనతో కలిసి పనిచేసిన పరిశోధకులు భారతదేశపు నదులు ఎంత మట్టిని మోస్తున్నాయో కొలిచే పనిని చేపట్టారు. జి. భిక్షంతో కలిసి ఆయన గోదావరి మీద, ఆర్. రమేశ్‌తో కలిసి కృష్ణ మీద చేసిన పరిశోధనలు 1988లో ప్రచురితమయ్యాయి.

ఈ పని వినడానికి సులువుగానే ఉంటుంది. నదిలో ఒకచోట నీటిని సీసాలో పట్టి, వడగట్టి, మిగిలిన మట్టిని ఎండబెట్టి తూచాలి. ఆ రోజు ఆ చోట ప్రవహించిన మొత్తం నీటితో దానిని హెచ్చవేయాలి. అయితే నది రోజుకొక తీరుగా ఉంటుంది. వేసవిలో తేటగా, అడుగున రాళ్లు కనబడేంత నిదానంగా పారే గోదావరి, ఆషాఢ శ్రావణాలు వచ్చేసరికి ఎర్రబడి ఉరకలు వేస్తుంది. ఏడాదిలో అది మోసే మట్టిలో అత్యధిక భాగం వర్షకాలపు కొద్ది వారాలలోనే సాగిపోతుంది. ఆ కొద్ది వారాలు కొలవకుండా మిగిలిన పది నెలలూ కొలిచిన వానికి దక్కేది తప్పు లెక్క మాత్రమే.

భిక్షం, సుబ్రహ్మణ్యన్‌ల అంచనా ప్రకారం గోదావరి ఏటా సముద్రం వైపు మోసే మట్టి సుమారు 17 కోట్ల టన్నులు. దక్కను పీఠభూమి నల్లరేగడి, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదుల పరీవాహక ప్రాంతాల అడవి నేలలు, అన్నీ కలిసి ఆ బరువులో ఉన్నాయి. దీనిలో సన్నని బురద సముద్రంలో దూరంగా పోయి అడుగుకు దిగుతుంది. బరువైన ఇసుక మాత్రం మొగ దగ్గరే ఆగుతుంది. కోనసీమ, దివిసీమ మొదలైన డెల్టా భూములన్నీ వేల సంవత్సరాలుగా ఈ రెండు నదులూ ఇలా జమచేస్తూ వచ్చిన నిలువ సొమ్మే.

ఖర్చు రాసేది అలలు

మొగ దగ్గర ఆగిన ఇసుకకు అక్కడితో ప్రయాణం ముగియదు. నదిని వదలిన ఇసుకను అల అందుకుంటుంది.

సముద్రపుటొడ్డున నిలబడి కాసేపు ఓపికగా చూస్తే ఆ రహస్యం ఎవరికైనా బోధపడుతుంది. అలలు సాధారణంగా తీరానికి నిట్టనిలువుగా రావు; కొద్దిగా ఏటవాలుగా వస్తాయి. విరిగిన అల ఇసుకరేణువును ఆ ఏటవాలు దిక్కునే పైకి తోస్తుంది. తిరిగిపోయే నీరు మాత్రం పల్లం వైపు నేరుగా జారుతుంది. అందువల్ల ఇసుకరేణువు ఒక్కొక్క అలకు రంపపు పన్నులాంటి బాట తొక్కుతూ, కొద్దికొద్దిగా తీరం వెంట పక్కకు జరుగుతుంది. అలలు విరిగే మేర అంతటా నీరు కూడా తీరం వెంట ఒక సన్నని నదిలా పారుతూ ఉంటుంది. ఒక రేణువు కదలిక అల్పమే. కాని అలలకు విశ్రాంతి లేదు. రోజుకు వేల అలలు, ఏడాదికి లక్షల అలలు. తీరం పొడవునా కంటికి కనబడని ఇసుకనది ఒకటి నిత్యం ప్రవహిస్తూనే ఉంటుంది.

ఆంధ్రతీరంలో ఈ నదికి ఒక ఋతుధర్మం ఉంది. ఇంచుమించు మార్చి నుండి అక్టోబరు వరకు, నైరుతి దిక్కు నుండి వచ్చే అలల ప్రభావం వల్ల ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు, ఈశాన్య ఋతుపవనాల కాలంలో దక్షిణానికి మరలుతుంది. ఉత్తరపు నడక బలమైనది గనుక ఏడాది చివర లెక్క చూస్తే ఇసుక ఉత్తరానికే పోయినట్లు తేలుతుంది.

విశాఖపట్నం తీరంలో ఈ రాకపోకలను శాస్త్రీయంగా గమనించడం ఏడు దశాబ్దాల క్రితమే మొదలయింది. అమెరికాకు చెందిన సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ 1952-53లోనూ, తిరిగి 1955-56లోనూ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, భూగర్భశాస్త్ర శాఖకు చెందిన ప్రొఫెసర్ సి. మహదేవన్ వంటి వారితో కలిసి బంగాళాఖాతాన్ని పరిశోధించారు. వాల్తేరు ఒడ్డున ఇసుక ఏ కాలంలో కోసుకుపోతుందో, ఏ కాలంలో తిరిగి చేరుతుందో పరిశీలించిన ఫలితాలు 1954లో విశ్వవిద్యాలయపు ప్రచురణలో వెలువడ్డాయి. సముద్రగర్భంలో కనుగొన్న లోతైన లోయలలో ఒకదానికి ఆంధ్ర అనీ, మరొకదానికి మహదేవన్ అనీ, ఇంకొకదానికి కృష్ణ అనీ పేర్లు పెట్టారు. ఒడ్డున మేకుపాతి కొలిచిన ఇసుకమట్టం నుండి సముద్రగర్భపు లోయల వరకు ఒకే శాస్త్రం పరిధిలోకి రావడం తెలుగునాట అదే ఆరంభం.

అడ్డుకట్ట పడితే

ఇసుకనదికి అడ్డంగా ఏదైనా నిర్మిస్తే ఏమవుతుంది? చెన్నపట్నం వాసులకు ఈ ప్రశ్నకు సమాధానం తెలిసి నూట యాభై ఏళ్లు కావస్తున్నది.

1870లలో మద్రాసు రేవుకు అలల తాకిడి తగలకుండా సముద్రంలోకి రాతిగోడలు కట్టడం ఆరంభించారు. దక్షిణం నుండి నడచి వచ్చే ఇసుక ఆ గోడ దగ్గర ఆగిపోయింది. ఏళ్లు గడచిన కొద్దీ రేవుకు దక్షిణాన ఒడ్డు సముద్రంలోకి పెరిగి విశాలమయింది. నేడు దేశమంతా ఎరిగిన మెరీనా బీచి అంత వెడల్పుగా ఉండటానికి ఆ గోడే కారణం. కాని అదే కాలంలో రేవుకు ఉత్తరాన రాయపురం వైపు తీరానికి రావలసిన ఇసుక అందలేదు. అలలు మాత్రం తమ వంతు ఇసుకను అక్కడి నుండి తీసుకుపోవడం మానలేదు. ఒడ్డు కోసుకుపోయింది, ఇళ్లు, వీథులు సముద్రంలో కలిశాయి, చివరకు రాళ్లు గుట్టలుగా పోసి సముద్రాన్ని నిలవరించవలసి వచ్చింది. సాయంకాలం మెరీనాలో గాలి పీల్చుకునే వారికీ, రాయపురంలో వలలు ఆరబెట్టుకునే చోటు పోగొట్టుకున్న వారికీ మధ్య ఉన్నది ఒకే గోడ.

విశాఖపట్నం రేవు కట్టినవారికి ఈ పాఠం తెలుసు. 1933లో ఆ రేవు ప్రారంభమయ్యేనాటికి, ద్వారానికి దక్షిణాన రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుకట్టగా నిలిపారు. దక్షిణం నుండి వచ్చే ఇసుకను ద్వారంలో చేరకముందే ఒకచోట ఆగనిచ్చి, పూడికతీత ఓడలతో తవ్వి, ఉత్తరాన ఉన్న తీరానికి చేరవేసే ఏర్పాటు అక్కడ నెలకొంది. అంటే ప్రకృతి ఉచితంగా చేసే రవాణాను మనిషి డబ్బు పెట్టి కొనసాగించడమన్నమాట. ఆ చేరవేత తగినంత జరిగినప్పుడు రామకృష్ణా బీచి నిండుగా ఉంటుంది. కొరవడినప్పుడు సముద్రం రోడ్డు అంచును తడుముతుంది.

సమీకరణంలో సముద్రం

తీరాన్ని గణితంలో పెట్టడం అంటే ఏమిటి? శాస్త్రజ్ఞులు దీనిని నమూనా నిర్మించడం అంటారు. దానిలో చాలా భాగం ఇంటి పద్దు పుస్తకం వంటిదే.

తీరరేఖను ఒక్కొక్క కిలోమీటరు ముక్కలుగా విభజించామనుకుందాం. ప్రతి ముక్కకూ రెండు తలుపులు: దక్షిణపు తలుపు గుండా ఇసుక వస్తుంది, ఉత్తరపు తలుపు గుండా పోతుంది. వచ్చినదీ పోయినదీ సమానమైతే ఒడ్డు కదలదు. రాక కంటే పోక 80 వేల ఘనపు మీటర్లు ఎక్కువయిందనుకోండి. అలలు ఇసుకను కదిలించగల మందం పైనుండి కిందికి 8 మీటర్లయితే, కిలోమీటరు పొడవున ఆ నష్టం సర్దుకోవడానికి ఒడ్డు 10 మీటర్లు వెనక్కి జరగాలి. పేపరు మీద ఇది చిన్న భాగహారం. ఒడ్డున ఉన్నవారికి 10 మీటర్లంటే ఒక ఇల్లు.

1956లో పెల్నార్-కాన్సిదేర్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఈ భాగహారాన్నే ఒక సమీకరణంగా మలచారు. కాలుతున్న ఇనుపకమ్మీ ఒక కొస నుండి వేడి మెల్లగా రెండో కొసకు వ్యాపించినట్లే, ఒకచోట చేరిన ఇసుక తీరం వెంట మెల్లగా సర్దుకుంటుందని ఆయన చూపారు. కంప్యూటర్లు వచ్చిన తరువాత అలల ఎత్తు, దిక్కు, పోటుపాట్లు, గాలి, సముద్రపు లోతు ఇవన్నీ చేర్చి, గంట గంటకూ లెక్కకట్టే నమూనాలు తయారయ్యాయి. వాటి మూలసూత్రం మాత్రం మారలేదు: వచ్చినది, పోయినది, మిగిలినది.

అయితే తలుపు గుండా పోయే ఇసుక ఎంతో కచ్చితంగా చెప్పడమే కష్టం. ప్రసిద్ధమైన ఒక సూత్రం ప్రకారం, అల ఎత్తు రెట్టింపయితే తీరం వెంట నడిచే ఇసుక అయిదున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. అంటే అల ఎత్తును కొలవడంలో చిన్న పొరపాటు చేస్తే ఇసుక లెక్కలో అది పెద్ద పొరపాటవుతుంది. అల ఏ కోణంలో వచ్చిందన్నదీ అంతే ముఖ్యం. ఏడాది పొడవునా మెల్లగా సాగే లెక్కను రెండు రోజుల తుపాను తలకిందులు చేయగలదు.

ఈ కష్టాన్ని గురించి శాస్త్రజ్ఞుల మధ్య ఒక కథ చెప్పుకుంటారు. ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కుమారుడు హాన్స్ ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ నదులలో ఇసుక రవాణాను తన పరిశోధనాంశంగా ఎంచుకున్నాడు. ఆ మాట విన్న తండ్రి, తానూ ఒకప్పుడు ఆ సమస్యను గురించి ఆలోచించాననీ, మరీ కఠినమని విడిచిపెట్టాననీ అన్నాడట. కథ నిజమో కాదో గాని, తండ్రి 1926లో నదుల వంకరలను గురించి, టీ గిన్నె కలిపినప్పుడు ఆకులు నడుమకు చేరడాన్ని గురించి ఒక వ్యాసం రాసిన మాట నిజం. కుమారుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1950లో ప్రచురించిన సిద్ధాంతంతో ఈ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒకడయ్యాడు. ఇసుకరేణువు ఎప్పుడు కదులుతుందో నిశ్చయంగా చెప్పలేమనీ, కదలగల అవకాశం ఎంతో మాత్రమే చెప్పగలమనీ ఆయన దృష్టి.

ఇదే శాస్త్రానికి మరొక పునాది వేసినవాడు ఎడారిలో తయారయ్యాడు. బ్రిటిష్ సైన్యపు ఇంజనీరు రాల్ఫ్ బాగ్నాల్డ్ లిబియా ఎడారిలో మోటారుకార్లలో తిరుగుతూ, ఇసుకతిన్నెలు ఎలా నడుస్తాయో గమనించి, 1941లో దానిపై గ్రంథం ప్రచురించాడు. గాలిలో ఇసుక నడకను నేర్చుకున్న ఆయన తరువాత నీటిలో నడకకు మళ్లాడు. సముద్రపు ఇసుకను గురించి ఎడారిలో నేర్చుకోగలిగినప్పుడు, ఢిల్లీలో నేర్చుకోవడంలో వింత ఏముంది?

రెండో పద్దు: నీటి గోడ

వసంత్ కుంజ్‌కు కొద్ది కిలోమీటర్ల దూరాన హౌజ్ ఖాస్‌లో ఢిల్లీ ఐ.ఐ.టి. ఉంది. రెండో పద్దు అక్కడిది.

1977 నవంబరు 19న కృష్ణాజిల్లా తీరాన్ని తాకిన తుపాను దివిసీమను ముంచెత్తింది. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే మరణాలు దాదాపు 10 వేలు. ఆ రాత్రి చంపినది గాలి కంటే నీరు. తుపాను గాలి సముద్రాన్ని ఒడ్డు వైపు నెడుతుంది. లోతైన చోట ఆ నీరు అడుగు నుండి వెనక్కి పోగలదు. కృష్ణా గోదావరుల మట్టితో మెట్టపడిన లోతులేని తీరంలో వెనక్కి పోవడానికి దారిలేక, ఎత్తుగా లేచి నేల మీదికి వస్తుంది. ఏ నదుల మట్టి ఆ సీమను సృష్టించిందో, ఆ మట్టే సముద్రాన్ని లోతులేనిదిగా చేసి ఉప్పెనకు ఎత్తును కూడా ఇచ్చింది.

ఆ ఉప్పెనను గణితంలో తిరిగి నడిపి చూసిన పరిశోధన 1981లో ప్రచురితమయింది. ఇంగ్లండుకు చెందిన బ్రయన్ జాన్స్‌తో కలిసి ఎస్.కె. దూబే, యు.సి. మొహంతి, పి.సి. సిన్హా ఆ పని చేశారు. తీరపు వంకరను, సముద్రపు లోతును, తుపాను బాటను, దాని వేగాన్ని ఇస్తే ఏ ఊరి దగ్గర నీరు ఎంత ఎత్తు లేస్తుందో అంచనా కట్టే పద్ధతి అది. ఢిల్లీ ఐ.ఐ.టి.లో అభివృద్ధి చెందిన ఆ ఉప్పెన నమూనాలు తరువాతి దశాబ్దాలలో తుపాను హెచ్చరికలకు ఉపయోగపడ్డాయి. ఎన్ని గంటలలో ఏ ఊరు ఖాళీ చేయించాలో చెప్పే లెక్క అది. దివిసీమ నాటి రాత్రికి అందని లెక్క.

ఇసుక పద్దుకూ, ఉప్పెన పద్దుకూ దగ్గర సంబంధం ఉంది. ఉప్పెన వచ్చినప్పుడు దాని ముందు మొదట నిలబడేది ఒడ్డున ఉన్న ఇసుకదిబ్బ. దిబ్బ ఎత్తుగా, వెడల్పుగా ఉంటే నీటి బలం కొంత అక్కడే ఖర్చవుతుంది. ఆ దిబ్బ కరిగిపోతే, అదే తుపాను, అదే గాలి, మరింత లోపలికి వస్తుంది. ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా పోయిన ఇసుక, ఒకే ఒక్క రాత్రి బాకీ అడుగుతుంది.

తగ్గిన రాబడి

ఇప్పుడు ఆ బాకీ పెరుగుతున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, ఆయన సహపరిశోధకులు కృష్ణా గోదావరి డెల్టాల తీరాన్ని పాత పటాలతోనూ ఉపగ్రహ ఛాయాచిత్రాలతోనూ పోల్చి 2010లో ఫలితాలు ప్రచురించారు. 1965 నుండి 2008 వరకు 43 ఏళ్లలో, 336 కిలోమీటర్ల ఆ తీరంలో చేరిన భూమిని మినహాయించినా మొత్తం మీద 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసింది. అంతకు పూర్వం వేల ఏళ్లుగా సముద్రంలోకి పెరుగుతూ వచ్చిన డెల్టాలు ఇవి.

కారణం వెదుకుతూ వారు నది జమను చూశారు. గోదావరి ఏటా మోసే మట్టి 1970లలో సుమారు 15 కోట్ల టన్నులు ఉండగా, 2000-2006 నాటికి సుమారు 5 కోట్ల 70 లక్షల టన్నులకు పడిపోయింది. కృష్ణలో 1960ల చివర 90 లక్షల టన్నులున్నది, 2000-2005 నాటికి 4 లక్షల టన్నులకు దిగజారింది. మట్టి ఏమయింది? జలాశయాల అడుగున పేరుకుంటున్నది. నీరు నిలిచిన చోట మట్టి దిగుతుంది. నాగార్జునసాగరానికీ, శ్రీశైలానికీ, జాయక్‌వాడీకీ, శ్రీరాంసాగరానికీ ఆ ధర్మంలో మినహాయింపు లేదు. మనం నీటిని ఆపుకోవాలని కట్టిన గోడ, అడగకుండానే తీరానికి చేరవలసిన ఇసుకను కూడా ఆపింది.

ఇలా చెప్పినంత మాత్రాన ఆనకట్టలు కట్టినవారిని దోషులని అనడం న్యాయం కాదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కరువుసీమను అన్నపు సీమగా మార్చింది. సాగర్ కాలువ కింద అన్నం తిన్న కుటుంబాలు లక్షలు. అయితే ఆ ప్రణాళికల ఖర్చు పట్టికలో సిమెంటు ఉంది, ఇనుము ఉంది, కూలి ఉంది. మూడు వందల కిలోమీటర్ల దిగువన కరిగిపోబోయే ఒడ్డు లేదు. ఆ పద్దు రాయవలసి ఉందని అప్పటికి ఎవరికీ తోచలేదు. ఇప్పుడు తోచింది. ఇకమీదట రాయకపోవడానికి మాత్రం కారణం లేదు.

ఆ రాయని పద్దు చెల్లిస్తున్న ఊళ్లలో ఒకటి కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ. జాందానీ చీరలకు పేరుపొందిన ఈ మత్స్యకార గ్రామంలో సముద్రం ఏళ్ల తరబడి వీథులను, ఇళ్లను, గుడులను కోసుకుపోతున్నది. గోదావరి మొగ నుండి ఉత్తరానికి సాగిన ఇసుక కాకినాడ ఎదుట హోప్ ఐలండ్ అనే పొడవాటి ఇసుకతిన్నెగా పెరగడం, దానివల్ల అలల దిక్కు మారడం, రేవు నిర్మాణాలు ఇసుక నడకకు అడ్డుపడటం, ఇవన్నీ పరిశోధకులు చూపే కారణాలు. హోప్ ఐలండ్ చాటున కాకినాడ నగరం క్షేమంగా ఉంది. దానికి అవతల ఉన్న ఉప్పాడకు ఆ చాటు లేదు. కాకినాడ నుండి ఉప్పాడ పోయే బీచిరోడ్డుకు తుపాను వచ్చినప్పుడల్లా గండి పడుతుంది. రాళ్లు వేశారు. ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులతో గోడ కట్టారు. అలల ధాటికి అదీ దెబ్బతిన్నది. ఇల్లు పోయిన మత్స్యకారుడు కొంత వెనక్కి జరిగి మళ్లీ ఇల్లు కట్టుకుంటాడు. అతని కొడుకు ఇంకొంత వెనక్కి జరుగుతాడు. వెనక్కి జరగడానికి ఊరు మిగిలి ఉన్నంత కాలం ఇది సాగుతుంది.

గోడ కట్టితే సరిపోదా అనే ప్రశ్న సహజం. గోడ తన వెనక ఉన్న నేలను కాపాడగలదు. కాని ఇసుకను సృష్టించలేదు. గోడకు తగిలిన అల, దాని పాదం దగ్గర ఉన్న ఇసుకను తోడివేస్తుంది. గోడ ముగిసిన చోట, పక్క ఊరి తీరం మరింత వేగంగా కోతకు గురవుతుంది. అప్పుడు పక్క ఊరు కూడా గోడ అడుగుతుంది. ఇలా గోడ పొడవు పెరుగుతుందే గాని సమస్య పొడవు తగ్గదు.

అంకె వెనక ఉన్న అంకెలు

జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుండి 2016 వరకు ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి, దేశపు ప్రధాన భూభాగ తీరంలో దాదాపు మూడో వంతు కోతకు గురవుతున్నదని తేల్చింది. ఇటువంటి తీరంలో ఎక్కడ ఏమి కట్టవచ్చో నియంత్రించే ఉత్తర్వు మొదట 1991లో వచ్చింది. పెద్ద రేవులకు పర్యావరణ అనుమతులు ఇచ్చేది ఢిల్లీ. ఆ అనుమతి కోరే దస్త్రంలో తప్పకుండా ఒక నమూనా ఫలితం ఉంటుంది. రంగుల పటాలు ఉంటాయి. చివర ఒక అంకె ఉంటుంది.

ఆ అంకెను చదవడం తెలియాలి. ఒక తీరం వెంట ఏడాదిలో 8 లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఉత్తరానికీ, 6 లక్షల ఘనపు మీటర్లు దక్షిణానికీ నడుస్తున్నదనుకుందాం. నికరంగా ఉత్తరానికి పోయేది 2 లక్షలే. నివేదికలో ఆ రెండు లక్షలే కనిపిస్తే, ఇక్కడ ఇసుక నడక స్వల్పమని అనిపిస్తుంది. కాని సముద్రంలోకి గోడ కట్టిననాడు అది ఎదుర్కొనేది రెండు లక్షలను కాదు, రెండు వైపుల నుండీ వచ్చే 14 లక్షలను. పై ఏటి అల సగటుతో కట్టిన లెక్క, తుపాను సంవత్సరంలో నిలవకపోవచ్చు. అందుకే మంచి శాస్త్రజ్ఞుడు ఒక అంకె ఇవ్వడు; కనిష్ఠం నుండి గరిష్ఠం వరకు ఒక మేర ఇస్తాడు. ఆ అంకె ఏ ఏళ్ల కొలతల మీద నిలిచిందో చెబుతాడు. ఒడ్డున మేకుపాతి, నెల నెలా కొలిచి, తన నమూనా చెప్పినదానితో పోల్చి చూస్తాడు. పోలిక కుదరనప్పుడు నమూనానే దిద్దుకుంటాడు గాని సముద్రాన్ని దిద్దడానికి పూనుకోడు.

ఏ పద్దు పుస్తకానికైనా ప్రాణం నిజాయితీ. ఇసుకతిన్నెను చూసి అది ఒక ఆస్తి అనుకుంటాము. ఎవరూ ముట్టుకోకపోతే ఎప్పటికీ అలాగే ఉంటుందనుకుంటాము. నిజానికి అది ఆస్తి కాదు, నడుస్తున్న ఖాతా. ఈ రోజు మనం నిలబడిన ఇసుక నిన్న వేరొక ఊరిది, రేపు మరొక ఊరిది. ఎగువన ఒకరు ఆపుకుంటే దిగువన ఒకరు కోల్పోతారు. నమూనా చేయగల గొప్ప సహాయం అదే: ఎవరు కోల్పోతారో ముందుగా పేరు పెట్టి చెప్పడం. అలా చెప్పిన తరువాత కూడా కట్టాలనుకుంటే, విశాఖ రేవులో వలె ఇసుకను ఆవలికి చేరవేసే ఖర్చును కూడా కట్టే ఖర్చులోనే కలిపి రాయడం.

వసంత్ కుంజ్ బండల దగ్గరకే తిరిగి వద్దాం. ఆ గుట్టల శ్రేణిలోనే, మరికొంత దక్షిణాన భాటీ గనులలో, చాలాకాలం బదర్‌పూర్ అనే గరుకు ఇసుకను తవ్వి ఢిల్లీ ఇళ్లకు వాడారు. రాయిగా మారిన పురాతన తీరం తిరిగి ఇసుకై, గోడల్లో సిమెంటుతో కలిసి మళ్లీ రాయిగా మారింది. దేశంలో ఏ నగరంలోనైనా కొత్త ఇల్లు లేస్తున్నదంటే, ఏదో ఒక నదిలో కొంత ఇసుక తగ్గిందన్నమాట. నదిలో తగ్గినది తీరంలో ఎప్పుడో తగ్గక మానదు. సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడని మనిషి ఇంటి గోడలోనూ ఎక్కడో ఒక ఒడ్డుకు చేరవలసిన దోసెడు ఇసుక ఉంటుంది. ఆ దోసెడు ఇసుక ఏ పద్దులో రాసి ఉందో అడగడం ఉప్పాడ మత్స్యకారుని పని మాత్రమే కాదు.